ఖరీదైన సైకిల్ మనకు అవసరమా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "నువ్వు మెకానికల్ ఇంజనీర్‌వి, ఆదివారం ఆదివారం సైకిల్ తొక్కుతావు. ఏ సైకిల్ కొనాలో, ఎంత పెట్టాలో మనవాళ్లకు చెప్పు" అన్నారు. ఈ ప్రశ్న ఊరికే రాలేదు. స్వర్ణోత్సవాల రోజు పొద్దున బడి గేటు దగ్గర బయల్దేరి, వచ్చిపోను 40 కిలోమీటర్లు సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. అది ప్రకటించిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపులో రోజూ సైకిళ్ల బొమ్మలే. ఒకరు కార్బన్ ఫ్రేమ్ అంటారు, ఇంకొకరు ఎలక్ట్రానిక్ గేర్లు అంటారు, మూడోవారు చక్రాల జతకే లక్ష అంటారు. మనలో చాలామంది యాభై దాటినవాళ్లం. షుగరూ బీపీ పలకరించిన తర్వాత, డాక్టరు చెప్పిన తర్వాత సైకిల్ గుర్తొచ్చినవాళ్లం. పోటీల్లో గెలవడానికి తొక్కేవాళ్లం కాదు. అందుకని ఈ లెక్కంతా మనలాంటివాళ్ల కోసమే.

ముందుగా ఒక మాట. ఖరీదైన సామాను అంతా మోసం అని నేను అనను. దానిలో నిజమైన ఇంజనీరింగ్ ఉంది. దానికి మంచి ఉదాహరణ చెబుతాను. ఒక్క గంటలో ఎంత దూరం తొక్కగలరు అనే రికార్డు సైకిల్ లోకంలో చాలా గొప్పది. 1972లో మెక్సికో నగరంలో ఎడ్డీ మెర్క్స్ 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1996లో ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ అదే గంటలో 56.375 కిలోమీటర్లు తొక్కాడు. చేతులు బాగా ముందుకు చాచి, గాలికి అడ్డం తగలకుండా పడుకున్నట్టు కూర్చుని, దానికి తగ్గట్టు చేయించుకున్న సైకిల్ మీద తొక్కాడు. తర్వాత అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య "ఇలా కాదు, మెర్క్స్ కాలం నాటి సైకిల్ పద్ధతిలోనే తొక్కాలి" అని నియమం పెట్టింది. 2000లో అదే బోర్డ్‌మన్ ఆ పాత పద్ధతిలో తొక్కితే వచ్చింది 49.441 కిలోమీటర్లు. మెర్క్స్ కంటే పది మీటర్లు ఎక్కువ, అంతే! ఆ నాలుగేళ్లలో అతని వయసు పెరిగిన మాట నిజమే గానీ, దాదాపు ఏడు కిలోమీటర్ల తేడాలో ఎక్కువ భాగం కూర్చునే పద్ధతిదీ సైకిల్‌దీ. కాబట్టి పరికరం పని చేస్తుంది. ప్రశ్న అది కాదు. మన వేగంలో, మన రోడ్ల మీద, మన వయసులో ఎంత పని చేస్తుంది అన్నదే ప్రశ్న.

బళ్లో ఫిజిక్సు పాఠం ఒక్కసారి గుర్తు చేసుకుందాం. సైకిల్ తొక్కేవాడికి అడ్డుపడేవి ప్రధానంగా మూడు: గాలి, టైరు రోడ్డుకు రాసుకోవడం వల్ల కలిగే నిరోధం, ఎక్కుడు వస్తే గురుత్వాకర్షణ. ఇందులో గాలి సంగతి వేరు. వేగం రెట్టింపయితే గాలిని నెట్టడానికి కావాల్సిన శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల మీద పోయే బోర్డ్‌మన్‌కు గాలి పర్వతం. 25 మీద పోయే మనకు అదే గాలి చిన్న గుట్ట. ఆ పర్వతాన్ని తవ్వడానికి తయారుచేసిన పనిముట్లతో మనం గుట్టను తవ్వుదామనుకుంటున్నాం.

ఇక అంకెల్లోకి వస్తాను. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు, ఎదురుగాలి లేదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు. అప్పుడు మన కాళ్లు ఇవ్వాల్సిన శక్తి సుమారు 115 వాట్లు. అందులో 75 వాట్లకు పైగా గాలికి, 35 వాట్ల దాకా టైర్లకు, మిగిలిన కొద్దీ చైనుకూ బేరింగులకూ పోతుంది. ఇవి ఫార్ములా వేసి కట్టిన అంచనాలు. మనిషి ఎత్తును బట్టి, రోడ్డును బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ ఎక్కడ ఎంత పోతుందన్న పాళ్లు పెద్దగా మారవు.

ఇప్పుడు ఒక్కొక్క మార్పూ చేసి చూద్దాం.

సైకిల్ బరువు రెండు కిలోలు తగ్గించాం. దీనికి సులువుగా లక్ష దాటుతుంది. చదును రోడ్డు మీద మిగిలేది ఒక వాటు కూడా కాదు. మన 40 కిలోమీటర్ల యాత్రకు గంటా ముప్పై ఆరు నిమిషాలు పట్టే చోట అర నిమిషం కూడా కలిసిరాదు. ఎక్కుడు మీద అయితే బరువుకు విలువ ఉంది, కాదనను. హార్స్‌లీ హిల్స్ లాంటి చోట అర కిలోమీటరు ఎత్తు ఎక్కాలనుకోండి. 150 వాట్లు ఇవ్వగలిగినవాడికి అది ముప్పావు గంట పైమాట. అందులో రెండు కిలోల వల్ల మిగిలేది ఒక నిమిషం, ఒకటీ పావు నిమిషం. ఆ నిమిషం పైన టీ కొట్టు దగ్గర కాయితం గ్లాసు అందుకునే లోపలే అయిపోతుంది. పైగా రెండు నీళ్ల సీసాలు నింపితేనే కిలోన్నర. మన ఒంటి మీద ఉన్న అదనపు బరువు సంగతి ఇక్కడ ఎత్తితే బాగుండదు, ఎదురుగా మా బ్యాచ్ అంతా కూర్చుని ఉంది.

గాలిని చీల్చే లోతైన కార్బన్ రింగుల చక్రాలు వేశాం. మన వేగంలో మిగిలేది రెండు మూడు వాట్లు. గాలికి పటపట కొట్టుకునే వదులు చొక్కా తీసి, ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకుంటే అంతకంటే ఎక్కువే మిగులుతుంది.

చవకరకం గట్టి టైర్లు తీసి, మెత్తగా సాగే మంచి టైర్లు వేశాం. కొన్ని వేల రూపాయల ఖర్చు. మిగిలేది 10 నుంచి 15 వాట్లు. 1888లో డన్లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు వేసిన నాటి నుంచీ సైకిల్‌కు జరిగిన పెద్ద మేలు టైర్ల దగ్గరే జరిగింది. ఒకప్పుడు పోటీదారులు 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లకు రాయిలా గాలి కొట్టేవారు. ఇప్పుడు వాళ్లే 28కి వచ్చేశారు. గతుకుల రోడ్డు మీద మరీ గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగురుడులో శక్తి పోతుంది. మన రోడ్లకు 28 నుంచి 32 మిల్లీమీటర్లు, బరువుకు తగ్గ గాలి సరిపోతాయి.

మోచేతులు కాస్త వంచి, నడుము కొద్దిగా వంచి కూర్చున్నాం. ఖర్చు ఏమీ లేదు. మిగిలేది పది పన్నెండు వాట్లు.

చివరిది అన్నిటికంటే పెద్దది. మన ముందు ఒక మిత్రుడు తొక్కుతున్నాడు, అతని వెనక తగినంత ఎడంలో మనం పోతున్నాం. అతను చీల్చిన గాలిలో వెళ్తాం కాబట్టి మనకు గాలి భారం పాతిక శాతం దాకా తగ్గుతుంది. అంటే సుమారు 20 వాట్లు. లక్ష రూపాయల చక్రాలు ఇవ్వలేనిది ముందున్న మనిషి ఇస్తాడు. కాసేపటికి మనం ముందుకు వెళ్లి అతనికి ఇవ్వాలి, అదే దాని ఖరీదు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

మరి "ఒక్కో శాతం కలుపుకుంటూ పోవాలి" అని బ్రిటిష్ జట్టును నడిపించిన డేవ్ బ్రెయిల్స్‌ఫోర్డ్ చెప్పాడు కదా అని ఒక తమ్ముడు గ్రూపులో అడిగాడు. నిజమే. కానీ ఆ జట్టువాళ్లు తిండి, నిద్ర, సాధన అన్నీ సరిచేసుకున్న తర్వాత మిగిలిన ఆ ఒక్క శాతం కోసం వెతికారు. మనకు మొదటి తొంభై శాతమే ఇంకా రావాలి. కొత్తగా మొదలుపెట్టినవారు వారానికి మూడు రోజుల చొప్పున కొన్ని నెలలు తొక్కితే కాళ్లకు వచ్చే బలం, ఏ దుకాణంలో కొన్న వాట్ల కంటే ఎక్కువ ఉంటుంది.

ఇంకో సంగతి. ఖరీదైనది కొన్నిసార్లు మనకు పనికిరానిది కూడా అవుతుంది. పోటీ సైకిల్‌ను ఇరవై అయిదేళ్ల కుర్రాడి నడుముకు తయారుచేస్తారు. హ్యాండిల్ కిందికి ఉంటుంది, మన మెడ, నడుము పట్టేస్తాయి. గేర్లు కూడా వాళ్ల కాళ్లకు తగినవే. ముందు పళ్లచక్రం పెద్దది, వెనక పళ్లచక్రాలు చిన్నవి. ఎక్కుడు వస్తే మోకాళ్ల మీద భారం. మనకు కావాల్సింది తేలిక గేరు: ముందు 34 పళ్లు, వెనక 32 లేదా 34 పళ్లు ఉంటే మోకాళ్లు దండం పెడతాయి. ఇది తక్కువ ధర సైకిళ్లలోనే ఎక్కువగా దొరుకుతుంది. పై రకం గేర్ల సెట్టులో పెద్ద పళ్లచక్రాలు బరువు తగ్గడానికి టైటానియంతో చేస్తారు. ఉక్కు కంటే త్వరగా అరుగుతాయి, మార్చాలంటే మళ్లీ వేలు. పోటీదారుకు స్పాన్సరు కొనిపెడతాడు. మనకు ఎవరు కొనిపెడతారు?

కార్బన్ గురించి ఇంజనీర్‌గా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కార్బన్ మంచి పదార్థం. తేలిక, గట్టి, తుప్పు పట్టదు. కానీ ఉక్కు ముందు వంగి మనకు చెబుతుంది, కార్బన్ చెప్పదు. బోల్టు అతిగా బిగించినా, రాయి గట్టిగా తగిలినా లోపల చీలిక వచ్చి పైకి కనిపించకపోవచ్చు. బోల్టు పక్కనే ఎంత బిగించాలో రాసి ఉంటుంది, ఐదు న్యూటన్ మీటర్లు అని అలా. దానికి టార్క్ రెంచి కావాలి. మన ఊరి సైకిల్ షాపులో స్పానరు చేత్తో పట్టుకుని "గట్టిగానే ఉంది సార్" అంటే కుదరదు. సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ సైకిల్ కొనేవాళ్లు తెలిసినవాడికి చూపించకుండా డబ్బు ఇవ్వకండి. ఎవరి బాల్కనీలోనో దుమ్ము పట్టిన అల్యూమినియం సైకిల్ సగం ధరకు దొరికితే మాత్రం అది మంచి బేరం. పక్క ఫ్లాటుల్లో వెతికితే చాలా ఉన్నాయి.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? వరసగా చెబుతాను.

మొదటిది, కొలత. ఫ్రేమ్ సైజు మన ఎత్తుకు సరిపోవాలి. సీటు ఎత్తు సరిచూసుకోవడానికి తేలిక పద్ధతి ఉంది. సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ కింది కొసకు తెస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి, మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది. సైకిల్ వదిలేసినవాళ్లలో చాలామంది నొప్పి వల్ల వదిలేశారు గానీ వేగం చాలక కాదు.

రెండోది, బ్రేకులు, టైర్లు. వీటిలో పిసినారితనం వద్దు.

మూడోది, హెల్మెట్, లైట్లు. హెల్మెట్‌లో కూడా ఖరీదు పెరిగేకొద్దీ రక్షణ పెరుగుతుందన్న లెక్క లేదు. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2018 నుంచి సైకిల్ హెల్మెట్లను పరీక్షించి నక్షత్రాలు ఇస్తోంది. మధ్యరకం ధర హెల్మెట్లు కూడా అందులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ఖరీదైన దాంట్లో ఎక్కువగా దొరికేది తేలికదనం, గాలి ఆడటం. ప్రమాణం ముద్ర ఉన్నది, తలకు సరిగ్గా కూర్చునేది కొనండి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకండి. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్కసారి నలగడానికే ఉంది. వెనక ఎర్ర లైటు తెల్లవారుజామున తప్పనిసరి. లారీ డ్రైవరుకు మన ఫ్రేమ్ ఏ కంపెనీదో కనిపించదు, లైటు కనిపిస్తుంది.

నాలుగోది, మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు. మొదట సిగ్గు వేస్తుంది, రెండు గంటలు తొక్కాక సిగ్గు పోతుంది. ఐదోది, ఒక పంపు, అదనపు ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు, వాటిని వాడే చెయ్యి. చైను తుడిచి నూనె వేయడం నేర్చుకోండి. మురికి పట్టి ఎండిపోయిన చైను తినే వాట్లు చూస్తే, పై రకం గేర్ల సెట్టుకు పెట్టిన డబ్బు దండగ అనిపిస్తుంది.

ఇవన్నీ కలుపుకున్నా, వారానికి రెండు మూడు రోజులు తొక్కే మనిషికి ముప్పై వేల నుంచి అరవై వేల లోపు అన్నీ అయిపోతాయి. ఏడాదికి కొన్ని వేల కిలోమీటర్లు తొక్కేవారు లక్ష దాకా వెళ్తే నేను వద్దనను. గేర్లు సాఫీగా పడతాయి, డిస్క్ బ్రేకులు వానలో బాగా పట్టుకుంటాయి. అది దాటిన తర్వాత కొనేది ముచ్చట. ముచ్చట తప్పు కాదు. గద్వాల చీర కొనేవాళ్లను ఒళ్లు కప్పుకోవడానికి ఇంత ఎందుకు అని ఎవరైనా అడుగుతారా? సొంత డబ్బు, సొంత ఇష్టం. అందమైన వస్తువును చూస్తే తొక్కాలనిపిస్తుందంటే అదీ లాభమే. దాన్ని ముచ్చట అని ఒప్పుకుంటే చాలు, అవసరం అని పిల్లలకు, కొత్తవాళ్లకు చెప్పకండి.

కొనేముందు ఒక చిన్న భాగాహారం చేసుకోండి. మూడు లక్షల సైకిల్ కొని మొత్తం 200 కిలోమీటర్లు తొక్కి గోడకు తగిలిస్తే, కిలోమీటరుకు 1,500 రూపాయలు. అంతకన్నా విమానం చవక. నలభై వేల సైకిల్ మీద ఏడాదికి నాలుగు వేల చొప్పున ఐదేళ్లు తొక్కితే, కిలోమీటరుకు రెండు రూపాయలు. అందుకే అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఇప్పుడు ఉన్న సైకిల్ మీద వెయ్యి కిలోమీటర్లు తొక్కండి. అప్పటికి ఏది చాలడం లేదో మీ నడుము, మోకాళ్లు, అరిచేతులు చెబుతాయి. దుకాణంవాడు చెప్పక్కర్లేదు.

దూరాలు పోవాలన్నా ఇంతే. 200 కిలోమీటర్ల బ్రెవే అని ఉంటుంది. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, అంటే ఆగినవి కూడా కలిపి గంటకు 15 కిలోమీటర్లు. గేర్లు లేని సైకిళ్ల మీద వాటిని పూర్తి చేసినవాళ్లు ఉన్నారు. అందులో నిర్వాహకులు అడిగేది కార్బన్ కాదు. హెల్మెట్, లైట్లు, చీకట్లో మెరిసే జాకెట్.

ఇప్పుడు ముందున్న మిత్రుడి మాట దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచాక, మన బ్యాచ్ వాళ్లం ఆదివారాలు అక్కడ కలుస్తున్నాం. ఆ గుంపులోకి మనవాడొకడు వచ్చాడు. పేరు చెప్పను, చాలామందికి తెలుసు. బళ్లో ఉన్నప్పుడు మనందరిలోకీ గట్టిగా తొక్కింది వాడే. పొరుగూరి నుంచి రోజూ పన్నెండు కిలోమీటర్లు, వెనక క్యారియర్ మీద చెల్లెల్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు చిన్న ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాడు. మామూలు సైకిల్ మీద రెండు ఆదివారాలు వచ్చాడు, మూడోవారం రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఏవేవో పనులు చెప్పాడు. గట్టిగా అడిగితే, "ఏం లేదురా, టీ దగ్గర అందరూ సైకిళ్ల ధరలు మాట్లాడుకుంటుంటే నాది ఎక్కడ ఆనించాలో తెలియలేదు" అన్నాడు.

మనం ఎవరం వాణ్ని ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు. పది సైకిళ్ల గురించి పది నిమిషాలు మాట్లాడి పదకొండోదాన్ని చూడకపోతే చాలు. వాడికి షుగరు ఉంది, సైకిల్ తొక్కమని డాక్టరు చెప్పాడు. వాడు రాకపోవడం వల్ల వాడికి జరిగే నష్టం వాట్లలో కొలిచేది కాదు. మనకు జరిగే నష్టం కావాలంటే కొలవొచ్చు. ఎదురుగాలిలో అలుపు లేకుండా ముందు తొక్కే మనిషి పోయాడు, తలకు ఇరవై వాట్లు.

ఇక అసలు విన్నపం. మన యాత్ర కోసం తయారుచేసిన ప్రకటన చిత్తు ప్రతి గ్రూపులో చూశాను. అందులో "హెల్మెట్, జెర్సీ, రోడ్ బైక్ తప్పనిసరి" అని ఉంది. హెల్మెట్ ఉంచండి. మిగతా రెండూ తీసేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వాటి చోట "మంచి బ్రేకులు, మంచి టైర్లు, వెనక లైటు" అని రాయండి. ఏ సైకిల్ అయినా సరే, లేడీస్ సైకిల్ అయినా, పాల క్యాన్లు మోసిన సైకిల్ అయినా సరే. ముందురోజు సాయంత్రం బడి ఆవరణలో మన ఊరి సైకిల్ మెకానిక్‌లు ఇద్దరిని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి సైకిల్‌కూ ఓవర్‌హాలింగ్ చేయిద్దాం. బ్రేకు రబ్బర్లు, ట్యూబులు, కేబుళ్ల ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. టార్క్ రెంచి నేను తెస్తాను, కార్బన్ సైకిళ్ల వాళ్లకు కూడా అన్యాయం జరగదు.

గుంపు వేగం గంటకు 18 కిలోమీటర్లు మించకుండా చూద్దాం. ఆ వేగంలో ఐదు లక్షల సైకిల్‌కూ ఐదు వేల సైకిల్‌కూ పెద్ద తేడా ఉండదు, పైగా పక్కవాడితో మాట్లాడుకుంటూ పోవచ్చు. ఇన్నేళ్ల తర్వాత కలుస్తున్నాం, మాట్లాడుకోవడానికే కదా!

నేను చెప్పిన మిత్రుడికి ఫోన్ చేశాను. ప్రకటన మారితే చూస్తానన్నాడు. మార్చే అధికారం ఈ వేదిక మీద ఉన్నవారి చేతుల్లో ఉంది.